బేకరీ ఓవెనులో కరెంటు లోపములు



ఈ పూట నేను మాటలాడబోవు విషయము రొట్టెలు, బిస్కట్లు కాల్చెడు కరెంటు ఓవెను. ఇది పట్టణవాసుల వ్యవహారము, మనకేల యని మీలో కొందరు తలపవచ్చును. కాని నేడు మన తెలుగునాట మండల కేంద్రములయందే గాక, రోడ్డు ప్రక్కనున్న పెద్ద గ్రామములయందును బేకరీలు వెలసినవి. రాగి బిస్కట్లు చేసి అమ్ముకొను మహిళా పొదుపు సంఘములును కొన్ని ఊళ్లలో ఉన్నవి. అట్టి సంఘమునకు అప్పు ఇప్పించుటకు గాని, బేకరీ పెట్టుకొను యువకునికి గది అద్దెకిచ్చుటకు గాని, పని చెడినప్పుడు తగవు తీర్చుటకు గాని మీ మాటయే ప్రమాణము. కావున ఓవెను మొరాయించినప్పుడు ఏమి చేయవలెనో, అంతకంటె ముఖ్యముగా ఏమి చేయగూడదో మీరెరిగియుండుట మేలు. నేను చాలకాలముగా ఇట్టి యంత్రములను బాగుచేయు పనిలో నున్నవాడను. తీగెలు విప్పుట నేర్పుట నా ఉద్దేశము కాదు. లోపమెక్కడ నున్నదో ఆలోచించు క్రమమును, అందులోని అపాయమును మీకు మనవి చేయుటయే నా ఉద్దేశము.

ఓవెను ఆగినచో కలుగు నష్టము చిన్నది కాదు. ఈస్టు కలిపి పొంగబెట్టిన మైదాపిండి మనకొరకు ఆగదు. వేళకు ఓవెనులోనికి పోనియెడల అది మితిమీరి పొంగి, పిమ్మట అణగి, పులిసి, పారవేయుటకే పనికివచ్చును. ఆ తొందరలో ఎవరో ఒకరు స్క్రూడ్రైవరు చేతబట్టుకొని లోపలి తీగెలను కదలించుటకు పూనుకొందురు. పిండి పోయినచో మరల కలుపుకొనవచ్చును. మనిషి పోయినచో తిరిగి రాడు. ఈ మాటను మొదటనే చెప్పి, తక్కిన విషయములోనికి పోవుచున్నాను.

మాగాణి సేద్యము చేసినవారికి ఓవెను పరీక్ష తెలియనిది కాదు. శివారు మడికి నీరు అందనప్పుడు అనుభవశాలియగు నీరుకట్టువాడు మడిలో నిలిచి ఆలోచింపడు. తూమువద్దకు పోయి, అక్కడినుండి కాలువ వెంట నడచుచు, గండి ఎక్కడ పడినది, అడ్డు ఎక్కడ పడినది అని చూచుకొనుచు వచ్చును. కరెంటు దారియు అట్లే. స్తంభమునుండి అది మీటరునకు, మీటరునుండి మెయిన్ స్విచ్చికి వచ్చును. అక్కడనుండి రెండు కాపలా స్విచ్చులను దాటును. మొదటిది ఎమ్‌సీబీ. ఇది పాతకాలపు ఫ్యూజు చేసిన పనినే చేయును. రెండవది ఆర్‌సీసీబీ. దీని సంగతి తరువాత విపులముగా చెప్పెదను. ఆ పిమ్మట కరెంటు ఓవెనులోని కంటాక్టరును చేరును. మీ పంపుసెట్టు స్టార్టరులో టక్కుమని పట్టుకొను భాగమే ఈ కంటాక్టరు. దానిని దాటి చివరకు హీటరు రాడ్లలో ప్రవేశించి వేడిగా మారును. తూము తలుపును ఎత్తుచు దించుచు ఉండు కావలివానివలె, కంట్రోలరు అను చిన్న పెట్టె ఈ కంటాక్టరును కలుపుచు విడదీయుచు ఉండును. ఓవెను గదిలో వేడి ఎంత యున్నదో కంట్రోలరునకు తెలియజేయునది థర్మోకపుల్ అను సన్నని కడ్డీ.

హీటరు రాడ్డు నిర్మాణము తెలిసినచో సగము లోపములు తెలిసినట్లే. పైన లోహపు గొట్టము. నడుమ చుట్టలు చుట్టిన నైక్రోము తీగె. ఇది నికెలు, క్రోమియముల మిశ్రలోహము. 1906లో అమెరికా దేశస్థుడైన ఆల్బర్ట్ మార్ష్ ఇట్టి లోహమునకు పేటెంటు పొందెను. ఎర్రగా కాలినను త్వరగా తుప్పుపట్టి చెడకుండుట దీని గుణము. గొట్టమునకును తీగెకును మధ్య మెగ్నీషియము ఆక్సైడు అను తెల్లని పొడి గట్టిగా దట్టింపబడియుండును. ఆ పొడి వేడిని బయటికి పోనిచ్చును, కరెంటును పోనీయదు. కాని దానికొక బలహీనత యున్నది. గాలిలోని తేమను అది పీల్చుకొనును. తడిసిన పొడి కరెంటును గొట్టమునకు జారవిడుచును.

ఇక పరీక్షకు ముందు పాటింపవలసిన నియమము. ఓవెను మీది స్విచ్చిని ఆపినంత మాత్రమున లోపల కరెంటు లేదని నమ్మరాదు. కంటాక్టరు విడిపోయినను దానికి ఇవతలి కొసలలో కరెంటు నిలిచియే యుండును. మెయిన్ స్విచ్చిని కట్టివేసి, దానిని మరియొకరు తెలియక వేయకుండునట్లు తాళమైనను వేయవలెను, మనిషినైనను నిలుపవలెను. పిమ్మట మీటరుతో మూడుమారులు చూడవలెను. కరెంటున్నదని తెలిసిన చోట మీటరును మొదట పరీక్షించి, తరువాత ఓవెను తీగెలపై కరెంటు లేదని చూచి, మరల కరెంటున్న చోట మీటరు సరిగా పనిచేయుచున్నదని నిర్ధారణ చేసికొనవలెను. చెడిపోయిన మీటరు కూడ సున్నానే చూపును గదా! తీగెల రంగులను కూడ పూర్తిగా నమ్మరాదు. ఎరుపు, పసుపు, నీలము ఫేజులకును, నలుపు న్యూట్రలుకును, ఆకుపచ్చ ఎర్తుకును వాడుట ఆచారము. కాని చేతికందిన తీగెను వాడిన మేస్త్రీలు లేకపోలేదు. ఈ పనులు చేయవలసినవాడు విద్యుత్ లైసెన్సింగు బోర్డు వారి పర్మిటు గల వైర్‌మన్ గాని, ఇతరులు కారు.

మొదటి రకము లోపము: ఓవెను బొత్తిగా పలుకదు, దీపము కూడ వెలుగదు. అట్టియెడ ఓవెనును విప్పవలసిన పని లేదు. దారి మొదటినుండి చూడవలెను. వీధిలో కరెంటు ఉన్నదా? మీటరు వెలుగుచున్నదా? కాపలా స్విచ్చులలో ఏదైన క్రిందికి పడియున్నదా? పడియున్నచో ఒక్కమారు పైకి వేసి చూడవచ్చును. మరల పడినచో మూడవమారు వేయరాదు. వాకిట కుక్క మాటిమాటికి మొరుగుచున్నచో వచ్చినదెవరో చూతుము గాని కుక్క నోరు కట్టము గదా! స్విచ్చులన్నియు సరిగానున్నను పలుకనియెడల, అధికమైన వేడి నాపు సేఫ్టీ థర్మోస్టాటు పడిపోయి యుండవచ్చును. కొన్ని ఓవెనులలో దానిని చేతితో నొక్కి తిరిగి నిలుపవలెను. అయితే అది ఏల పడినదో తెలిసికొనకుండ నొక్కుట వివేకము కాదు.

రెండవ రకము: దీపములు వెలుగును, కాని రొట్టె కాలదు. గ్రామములలో నేను ఎక్కువగా చూచినది ఈ లోపమే. ఇందు పలుమారులు ఓవెనుది తప్పు కాదు, వోల్టేజిది. ఈ లెక్కను కొంచెము శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాను. రాడ్డు ఇచ్చు వేడి వోల్టేజి తగ్గినంత మాత్రమే తగ్గదు. దాని వర్గమును బట్టి తగ్గును. 230 వోల్టుల వద్ద 9 కిలోవాట్ల వేడి ఇచ్చు ఓవెనుకు 180 వోల్టులే అందినవనుకొనుడు. వోల్టేజి నూటికి 22 పాళ్లు తగ్గినది. వేడి మాత్రము నూటికి 39 పాళ్లు తగ్గి, 9 కిలోవాట్లకు బదులు సుమారు అయిదున్నర కిలోవాట్లే మిగులును. ఓవెను 200 డిగ్రీలకు చేరుట ఆలస్యమగును. చల్లని పళ్లెములు లోపల పెట్టినంతనే వేడి పడిపోయి తిరిగి లేవదు. రొట్టె కాలుటకు మారుగా ఎండును. దీనికి రాడ్లు మార్చుట వృథా ఖర్చు. సాయంకాలము వోల్టేజిని కొలిపించి, ఆ అంకెలతో 1912 నెంబరునకు ఫిర్యాదు చేయవలెను.

వోల్టేజి సరిగానున్నచో ఫేజులను చూడవలెను. మూడు ఫేజులలో ఒకటి పోయినచో పంపుసెట్టు మోటారు మూలుగును, కాలును. కావున మీకు వెంటనే తెలియును. ఓవెను మూలుగదు. న్యూట్రలుతో కలిపిన ఓవెనులో ఒక ఫేజు పోయినచో మూడింట రెండువంతుల వేడితో నిశ్శబ్దముగా పనిచేయుచునే యుండును. పళ్లెములో ఒక ప్రక్క రొట్టెలు ఎర్రగాను, మరియొక ప్రక్క తెల్లగాను వచ్చుచున్నచో ఒక ఫేజు గాని, ఒక రాడ్డు గాని పోయినదని అనుమానింపవలెను. అడుగు మాడి పైభాగము తెల్లగానున్నచో మీది రాడ్లను, అందుకు విపర్యయమైనచో క్రింది రాడ్లను చూడవలెను. ఈ విధముగా కాలిన రొట్టెయే మనకు సగము సాక్ష్యము చెప్పును.

రాడ్డు మంచిదో చెడ్డదో తేల్చుటకు లెక్క సులభము. 230ని 230తో గుణించి రాడ్డుమీద వ్రాసియున్న వాట్లచే భాగింపవలెను. 1000 వాట్ల రాడ్డునకు సుమారు 53 ఓములు, 1500 వాట్ల దానికి 35, 2000 వాట్ల దానికి 26 ఓములు వచ్చును. కరెంటు కట్టివేసి, రాడ్డు ఒక కొసనైనను తీగెనుండి విడదీసి కొలువవలెను. లేనియెడల ప్రక్క రాడ్ల లెక్క కూడ కలిసి అంకె తప్పును. అంకె దాదాపు సరిపోయినచో రాడ్డులోని తీగె తెగలేదు. మీటరు అనంతమును చూపినచో తీగె తెగినది. ఆ రాడ్డును మార్చవలసినదే.

మూడవ రకము: రొట్టె మాడిపోవును, వేడి ఎంతకును ఆగదు. ఇది తూము తలుపు ఎత్తినది ఎత్తినట్లే బిగుసుకొనిపోయిన స్థితి. కంటాక్టరు లోపలి ముక్కలు నిప్పురవ్వలచేత కరగి అతుకుకొనిపోవచ్చును. కంట్రోలరు ఆపుమన్నను అవి విడువవు. కంటాక్టరునకు మారుగా సాలిడ్ స్టేట్ రిలే ఉన్నచో అదియు చెడినప్పుడు తరచుగా కలిసినట్లుగనే నిలిచిపోవును. అట్టి సమయమున మెయిన్ స్విచ్చిని కట్టుటయే మార్గము. మరియొక కారణము థర్మోకపుల్. రెండు భిన్నలోహముల తీగెలను కొసవద్ద కలిపి వేడిచేసినచో స్వల్పమైన వోల్టేజి పుట్టునని 1821లో జర్మను శాస్త్రజ్ఞుడు సీబెక్ కనుగొన్న విషయమే దీనికి ఆధారము. ఆ కడ్డీ తన రంధ్రమునుండి జారి వెలుపలికి వచ్చినచో వెలుపలి చల్లదనమునే చెప్పును. దాని తీగెలు ఓవెను వెలుపల ఒకదానికొకటి తగిలినచో ఆ తగిలిన చోటి వేడినే చెప్పును. పాపము, కంట్రోలరు అది నమ్మి ఇంకను వేడి పంపుచుండును. ఓవెను కాగుచుండగా అంకె పెరుగుటకు మారుగా తగ్గుచున్నచో, థర్మోకపుల్ తీగెలు రెండును తారుమారుగా బిగింపబడినవని తెలియవలెను. ఇది క్రొత్తగా మరమ్మతు చేసిన మరునాడు కనబడు లోపము.

నాలుగవ రకము: కాలిన తీగె కొసలు. ఇందాకటి 9 కిలోవాట్ల ఓవెను ఒక్కొక్క ఫేజునుండి 13 ఆంపియర్ల కరెంటు తీసికొనును. తీగె బిగించిన స్క్రూ వదులై అక్కడ అర ఓము అడ్డు ఏర్పడినదనుకొనుడు. ఆ ఒక్క స్క్రూ తలవద్దనే 84 వాట్ల వేడి పుట్టును. అనగా వెనుకటి పెద్ద బల్బు ఒకటి చింతగింజంత చోటులో మండుచున్నట్లు. తీగె తొడుగు నల్లబడి పెళుసెక్కును, వాసన కొట్టును, ఒక్కొక్కప్పుడు నిప్పంటుకొనును. ఓవెను లోపల సామాన్యమైన ఇంటి తీగె పనికిరాదు. దాని ప్లాస్టికు తొడుగు సాధారణముగా 70 డిగ్రీలకు మించిన వేడిని భరింపదు. సిలికోను గాని గాజునార గాని తొడుగుగా గల తీగెనే వాడవలెను. న్యూట్రలు కొస వదులైనచో మరియొక చిక్కు కలదు. ఫేజుల మధ్య వోల్టేజి 400 గనుక, బరువు సమముగా లేనప్పుడు కొన్ని రాడ్లకును కంట్రోలరునకును 230కి మించిన వోల్టేజి పోవును. కంట్రోలరు మాటిమాటికి కాలిపోవు చోట మొదట చూడవలసినది ఈ న్యూట్రలు కొస.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన అయిదవ రకము: ఆర్‌సీసీబీ పడిపోవుట. ఈ స్విచ్చి పోయిన కరెంటును, తిరిగి వచ్చిన కరెంటును సరిచూచుచుండును. తక్కువ వచ్చినచో ఎక్కడనో గండి పడినదని గ్రహించి దారిని తెంచును. మనుష్యుల రక్షణకు వాడునది 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే, సెకనులో పదింట మూడువంతులకు లోపుగా తెంచును. ఫ్యూజు ఉన్నది గదా, ఇది ఏలయని నన్ను పలువురు అడిగినారు. తడిచేతుల మనిషి దేహము సుమారు 1000 ఓముల అడ్డు ఇచ్చుననుకొన్నచో, 230 వోల్టులు తగిలినప్పుడు అతనిగుండ పోవు కరెంటు ఒక ఆంపియరులో నాలుగవవంతుకు కూడ తక్కువ. అది అతని గుండెను ఆపుటకు చాలును. కాని ఓవెను ఫ్యూజు 20 ఆంపియర్లది. ఆ స్వల్పమును అది గమనింపనే గమనింపదు. ఫ్యూజు తీగెను కాపాడును; మనిషిని కాపాడునది ఆర్‌సీసీబీ.

మంచి ఎర్తు ఉన్నచో చాలదా యని మరియొక ప్రశ్న. ఎర్తు తప్పక ఉండవలెను. కాని వేసవిలో నీరు పోయని ఎర్తు గుంత ఎండి 25 ఓముల అడ్డు ఇచ్చినచో, దానిగుండ పోవునది 9 ఆంపియర్లే. 20 ఆంపియర్ల ఎమ్‌సీబీ దానికి పడదు. ఓవెను దేహము మీద కరెంటు అట్లే నిలిచియుండును. కావున ఎర్తు, ఆర్‌సీసీబీ రెండును ఉండవలెను.

ఒక ఊరి బేకరీలో జరిగినది చెప్పెదను. భాద్రపదమాసపు ముసురులో పదిదినములు ఓవెను వెలిగింపలేదు. తిరిగి వేసినంతనే ఆర్‌సీసీబీ పడినది. రాడ్లలోని పొడి తేమ పీల్చుటయే కారణము. పనివారిలో ఒకడు చిన్న తీగెముక్కతో ఆ స్విచ్చిని తప్పించి కరెంటు కలిపెను. ఓవెను కాగినది, తేమ ఆరినది, రొట్టెలు చక్కగా వచ్చినవి. స్విచ్చియే చెడ్డదని అందరును నమ్మిరి. ఇందలి మోసమంతయు ఇక్కడనే యున్నది: తప్పు పని చేసినవానికి ఒప్పు ఫలము కనబడును. ఆ తీగెముక్క అట్లే యుండిపోయెను. రెండు నెలల పిమ్మట ఒక రాడ్డు గొట్టము పగిలినది. ఎర్తు తీగె అంతకు ముందే త్రుప్పుపట్టి తెగియున్నది. నేల కడుగుచున్న కుఱ్ఱవాడు తడికాళ్లతో ఓవెను తలుపు పట్టుకొనెను, చేయి విడిపించుకొనలేకపోయెను. యజమాని పరుగెత్తి మెయిన్ స్విచ్చిని కట్టుటచే ప్రాణము దక్కినది, అరచేయి కాలినది. పిమ్మట ఓవెనును పరీక్షించుటకు నన్ను పిలిచినారు. ఆ తీగెముక్కను నేనే నా చేతులతో ఊడదీసితిని.

అట్టియెడ చేయవలసినది కష్టమైనదేమియు కాదు. రాడ్లను ఒక్కొక్కటిగా తీగెలనుండి విడదీసి, ఏది విడదీసినప్పుడు స్విచ్చి నిలుచునో చూడవలెను. ప్రతి మారును కరెంటు కట్టియే తీగెను ముట్టవలెను. అనుమానమున్న రాడ్డును 500 వోల్టుల మెగ్గరుతో కొలువవలెను. ఒక మెగోము కంటె తక్కువైనచో అది తడిసినదో పగిలినదో అయియుండును. తడిసిన దానిని విప్పి, వేరుగా సన్నని వేడిలో ఆరబెట్టి తిరిగి కొలిచినచో అంకె పెరుగును. పగిలినది పెరుగదు, దానిని పారవేయవలెను. చల్లగానున్నప్పుడు పడి, పిమ్మట పడనిది తరచుగా తేమ. చల్లగానున్నప్పుడు నిలిచి, బాగుగా కాగిన పిదప పడునది తరచుగా రాడ్డు పగులు. అంగడిలోని ఫ్రిజ్జులు, మిక్సర్లు మొదలగువాని లీకేజి అంతయు ఒక్క స్విచ్చి మీద పడకుండ ఓవెనుకు ప్రత్యేకముగా ఒక ఆర్‌సీసీబీ పెట్టించుట మంచిది. దాని మీది పరీక్ష మీటను నెలకొకమారు నొక్కి, అది పడుచున్నదో లేదో చూచుచుండవలెను.

ఎవరికైనను కరెంటు తగిలినచో అతనిని చేతితో పట్టుకొని లాగరాదు. మొదట మెయిన్ స్విచ్చి కట్టవలెను. అది అందనియెడల పొడి నేలపై నిలిచి, ఎండిన కఱ్ఱతో అతనిని వేరుచేయవలెను. ఊపిరి లేనియెడల 108కి కబురు చేయించి, అంబులెన్సు వచ్చువరకు రొమ్ము నడుమ బలముగా, త్వరత్వరగా నొక్కుచుండవలెను. కావున మెయిన్ స్విచ్చి ఓవెను వెనుక గోడకు గాక, వాకిలి వద్ద అందరికిని అందునట్లుండవలెను.

మీ ఊరి బేకరీకి మీరు పోయినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఆర్‌సీసీబీ ఉన్నదా, దానిని ఎవరైనను తప్పించినారా? ఎర్తు గుంతలో వేసవియందు నీరు పోయుచున్నారా, దాని అడ్డును ఎప్పుడు కొలిపించినారు? ఓవెను ముందు పనివారు నిలుచుటకు రబ్బరు చాప ఉన్నదా? ఏ తేదీన ఏ లోపము వచ్చినది, వోల్టేజి ఎంత, ఏ రాడ్డు మార్చినారు అని వ్రాసికొను పుస్తకము ఒకటి ఉన్నదా? ఆ పుస్తకమున్న చోట వైర్‌మన్ పని సగమైపోవును. అనవసరముగా రాడ్లు మార్చు ఖర్చును తప్పును. ఈ ప్రశ్నలు నావంటివాడు అడిగినచో చూతములెండి యందురు. ఊరి పెద్దలు అడిగినచో మరునాటికి పని జరుగును. కావుననే ఈ సంగతులను మీకు విన్నవించుకొంటిని.